ఇంగ్లీష్ చదవడం, ఇంగ్లీష్ మాటలు: ఏ పరీక్ష ఎవరికి పెట్టాలి?

ఇంగ్లీష్ నేర్చుకుంటున్న విద్యార్థికి ఒక ప్యాసేజీ, దాని కింద ఇరవై ప్రశ్నలు ఇచ్చాం. పన్నెండు మార్కులు వచ్చాయి. మిగతా ఎనిమిది ఎందుకు పోయాయి? మాటలు తెలియక పోయి ఉండవచ్చు. మాటలన్నీ తెలిసినా పొడవాటి వాక్యంలో ఏది దేనికి సంబంధించిందో తేల్చుకోలేక పోయి ఉండవచ్చు. మెల్లగా చదివే అలవాటు వల్ల టైం చాలక చివరి ప్రశ్నలు వదిలేసి ఉండవచ్చు. లేదంటే ప్యాసేజీ చక్కగా అర్థమై, ప్రశ్న అర్థం కాకపోయి ఉండవచ్చు. ఇలా నాలుగు కారణాలతో తప్పే నలుగురు విద్యార్థులకూ వచ్చే మార్కులు అవే. రేపు క్లాసులో ఈ నలుగురి విషయంలో చేయాల్సిన పని మాత్రం ఒకటి కాదు.

అందుకే పరీక్షల పేర్లు వెతకడానికి ముందు, మార్కులు చేతికొచ్చాక ఏం చేయబోతున్నామో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఎవరిని ఏ బ్యాచ్‌లో కూర్చోబెట్టాలో తేల్చుకోవడమా? ఏ మాటలు, ఏ పాఠం ముందు చెప్పాలో చూసుకోవడమా? కోర్సు వల్ల ఏమైనా మెరుగుపడ్డారా అని తెలుసుకోవడమా? బయటి పరీక్షకు సిద్ధంగా ఉన్నారో లేదో అంచనా వేయడమా? ఈ నాలుగింటికీ ఒకే పరీక్ష సరిపోదు. నా అభిప్రాయం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మాటల పరీక్ష (ఏ పదాలు వచ్చో చూసేది), చదువుడు పరీక్ష (చదివింది అర్థమైందో చూసేది) విడివిడిగా పెట్టి, రెండు మార్కుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. కలిపి ఒకే మార్కు వేస్తే శ్రమ తగ్గుతుందేమో గానీ, ఎక్కడ తేడా ఉందో తెలియదు.

ఎన్ని మాటలు వస్తే చదవగలరు?

మాటల పరీక్షను ముందు పెట్టమనడానికి కారణం ఉంది. ఎక్కువగా వాడుకలో ఉండే మాటల జాబితాగా 1953లో మైఖేల్ వెస్ట్ తయారు చేసిన జనరల్ సర్వీస్ లిస్ట్‌లో దాదాపు 2000 మాటలుంటాయి. మామూలు ఇంగ్లీష్ రాతలో దాదాపు 80 శాతం వాటితోనే నడిచిపోతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మిగిలిన 20 శాతం అంటే ప్రతి ఐదు మాటలకు ఒకటి తెలియదన్నమాట. అలా చదవడం చదవడమే కాదు.

భాషా పరిశోధకురాలు బటియా లావ్‌ఫర్ 1989లో, ఒక రాతలోని 95 శాతం మాటలు తెలిస్తే ఓ మాదిరిగా అర్థం చేసుకోవచ్చని చెప్పారు. ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే 98 శాతం కావాలని 2000లో హు, పాల్ నేషన్ అనే పరిశోధకులు తేల్చారు. రెంటికీ మూడే శాతం తేడా కదా అనిపిస్తుంది. మూడు వందల మాటల ప్యాసేజీలో లెక్క వేసి చూడండి. 95 శాతం దగ్గర తెలియని మాటలు పదిహేను, 98 శాతం దగ్గర ఆరు. పదిహేను చోట్ల ఆగి ఆగి చదివేవారికి కథ చేజారిపోతుంది.

ఆ 98 శాతానికి చేరాలంటే నవలలు, పత్రికల్లాంటి వాటికి 8000 నుంచి 9000 పద కుటుంబాలు కావాలని 2006లో పాల్ నేషన్ లెక్క కట్టారు. పద కుటుంబం అంటే ఒక మూలం, దాని నుంచి పుట్టిన రూపాలు అన్నీ కలిపి. డిసైడ్, డిసైడెడ్, డెసిషన్, డిసైసివ్ అన్నీ ఒకే కుటుంబం. ఇక్కడే కొంచెం జాగ్రత్తగా ఉండాలి. డిసైడ్ వచ్చినవారికి డిసైసివ్ కూడా వచ్చని పరీక్ష తనంతట తాను అనుకుంటుంది. మొదటి మెట్లలో ఉన్నవారి విషయంలో అది తరచుగా నిజం కాదు.

మరో చిక్కు కూడా ఉంది. బై అండ్ లార్జ్ అన్న పదబంధంలో మూడూ చిన్న మాటలే, అందరికీ తెలిసినవే. కలిస్తే వచ్చే ‘మొత్తం మీద’ అన్న అర్థం మాత్రం ఆ మూడింటిలో ఎక్కడా లేదు. ఇలాంటి 505 పదబంధాల జాబితాను మార్టినెజ్, ష్మిట్ 2012లో ప్రచురించారు. విడి మాటల పరీక్షలేవీ వీటిని పట్టుకోవు. మాటల పరీక్షలో మంచి మార్కులు వచ్చి కూడా ప్యాసేజీలో తడబడే విద్యార్థి కనిపిస్తే నేను ముందు అనుమానించేది వీటినే.

లెవెల్స్ టెస్ట్, సైజ్ టెస్ట్, అవును-కాదు టెస్ట్

పేర్లు దగ్గరగా ఉండడంతో ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. ఇవి చేసే పనులు వేరు.

వొకాబులరీ లెవెల్స్ టెస్ట్‌ను పాల్ నేషన్ 1983లో రూపొందించారు. 2001లో ష్మిట్ బృందం, 2017లో వెబ్, ససావో, బాలన్స్ దాన్ని కొత్తగా తయారు చేశారు. ఇది జతపరిచే పరీక్ష. ఒక పక్క ఆరు మాటలు, ఇంకో పక్క మూడు అర్థాలు ఉంటాయి. సరిపోయే మాటను అర్థానికి కలపాలి. మాటలు ఎంత తరచుగా వాడుకలో ఉంటాయన్న దాన్ని బట్టి మెట్లు ఉంటాయి. 2017 రూపంలో మొదటి వెయ్యి నుంచి ఐదో వెయ్యి దాకా ఐదు మెట్లు, మెట్టుకు 30 ప్రశ్నలు. 2001 రూపంలో 30కి 26 వస్తే ఆ మెట్టు దాటినట్టు లెక్క. 2017 రూపం మొదటి మూడు మెట్లకు 29 అడుగుతుంది. ఇంత కఠినంగా ఎందుకంటే, మొదటి మూడు వేల మాటల్లో కన్నాలుంటే పైన ఏం కట్టినా నిలబడదు.

పాఠం చెప్పేవారికి ఇంతకంటే ఉపయోగపడే మాటల పరీక్ష నాకు కనిపించలేదు. ఇది మొత్తంగా ఎన్ని మాటలు వచ్చో చెప్పదు, ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో చెబుతుంది. రెండో వెయ్యిలో 18 వచ్చిన విద్యార్థికి ఎలాంటి పుస్తకం ఇవ్వాలో, ఏ జాబితా నుంచి మాటలు నేర్పాలో వెంటనే తెలిసిపోతుంది. మెట్లన్నీ ఒకే రోజు పెట్టాల్సిన పనీ లేదు. కింది నుంచి మొదలుపెట్టి తడబడిన చోట ఆపేయవచ్చు.

వొకాబులరీ సైజ్ టెస్ట్ 2007లో వచ్చింది. నేషన్, బెగ్లర్ చేసిన ఈ పరీక్షలో 140 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. ప్రతి వెయ్యి పద కుటుంబాలకు పది ప్రశ్నల చొప్పున పద్నాలుగు వేల దాకా వెళ్తుంది. వచ్చిన మార్కును వందతో గుణిస్తే మొత్తం మాటల అంచనా వస్తుంది. “నాకు 7,400 మాటలు వచ్చు” అని చెప్పుకోవడానికి ముచ్చటగా ఉంటుంది. ఆ అంకెను అలాగే నమ్మకండి. ఒక్క మాటా తెలియని మనిషి కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా నాలుగింట ఒకటి తగిలి సగటున 35 మార్కులు వస్తాయి. వందతో గుణిస్తే 3,500 మాటలు! అందుకే తెలియనివి వదిలేయమని ముందే గట్టిగా చెప్పాలి. ఆప్షన్లను విద్యార్థి మాతృభాషలో ఇచ్చే రూపాలు కొన్ని భాషలకు ఉన్నాయి. ఇంగ్లీష్‌లో ఉన్న అర్థాన్ని చదవలేక తప్పు పెట్టే ఇబ్బంది వాటిలో ఉండదు కాబట్టి, దొరికితే అవే మేలు. ఒకే మనిషి ఏడాదికోసారి రాసి తన ఎదుగుదల చూసుకోవడానికి సైజ్ టెస్ట్ బాగుంటుంది. రేపటి పాఠం ఏదో తేల్చుకోవడానికి పనికిరాదు.

మూడోది అవును-కాదు పరీక్ష. దీన్ని ముందుకు తెచ్చినవారిలో పాల్ మీరా, బార్బరా బక్స్‌టన్ ముఖ్యులు, 1987లో. తెర మీద ఒక మాట కనిపిస్తుంది. ఈ మాట తెలుసా, తెలియదా అన్నదే ప్రశ్న. అందరూ తెలుసనే అంటారు కదా అనుకోవద్దు. మధ్యలో బ్రెండల్ లాంటి, ఇంగ్లీష్‌లో లేని కల్పిత మాటల్ని కలుపుతారు. వాటికి కూడా తెలుసని టిక్ పెడితే మార్కు తగ్గుతుంది. లెమ్‌హోఫర్, బ్రూర్స్మా 2012లో ప్రచురించిన లెక్స్‌టేల్ ఈ కోవలోదే. 40 నిజం మాటలు, 20 కల్పితాలు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నిజం మాటల్లో ఎంత శాతం సరిగ్గా చెప్పారు, కల్పితాల్లో ఎంత శాతం సరిగ్గా చెప్పారు అన్నవాటి సగటే స్కోరు. అన్నిటికీ తెలుసన్నవారికి మొదటి దాంట్లో వంద, రెండో దాంట్లో సున్నా, సగటు 50. కాబట్టి లెక్స్‌టేల్‌లో 50 అంటే సగం వచ్చినట్టు కాదు, ఏమీ తేలనట్టు.

ఇది పైమెట్టు వాళ్ల కోసం చేసిన పరీక్ష. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారికి పెడితే అందరూ ఆ 50 చుట్టూనే తిరుగుతారు. మాట గుర్తుపట్టడమే తప్ప అర్థం తెలుసని ఇందులో ఎక్కడా రుజువు కాదు. మార్కులకు భయపడే పిల్లలు తెలియనివాటికీ తెలుసనే అంటారు. పెద్దవాళ్లు కొందరు మొహమాటానికి, తెలిసినవాటికి కూడా తెలియదంటారు. వందల మందిని కొద్ది నిమిషాల్లో పైపైన వడకట్టాలంటే మంచిదే. ఒక్క విద్యార్థి గురించి నిర్ణయం తీసుకోవాలంటే నేను దీన్ని ముట్టుకోను.

మాట తెలియడం అంటే ఎంత తెలియడం?

పై మూడూ మాటలు ఎన్ని వచ్చో చూస్తాయి. ఒక్కో మాట ఎంత లోతుగా వచ్చో చూడాలంటే వేరే పరీక్షలున్నాయి. జాన్ రీడ్ 1993లో ప్రచురించిన వర్డ్ అసోసియేట్స్ టెస్ట్‌లో ఒక మాట ఇచ్చి, దానితో అర్థంలోనో వాడుకలోనో సంబంధం ఉన్న నాలుగింటిని ఎనిమిదిలోంచి ఏరమంటారు. పరిబఖ్త్, వెష్ వాళ్ల వొకాబులరీ నాలెడ్జ్ స్కేల్ ఐదు మెట్ల సొంత అంచనా. ఈ మాట ఎప్పుడూ చూడలేదు అన్న దగ్గర మొదలై, వాక్యంలో వాడి చూపగలను అన్న దాకా వెళ్తుంది. ఇరవై ముప్ఫై మాటలు నేర్పి, అవి ఎంత దిగాయో చూసుకోవడానికి ఇది బాగుంటుంది. అంతకు మించిన సంఖ్యకు పెడితే దిద్దేవారి ఓపిక అయిపోతుంది.

చూసి గుర్తుపట్టడం వేరు, అవసరమైనప్పుడు నోటికి రావడం వేరు. లావ్‌ఫర్, నేషన్ 1999లో ఇచ్చిన ప్రొడక్టివ్ లెవెల్స్ టెస్ట్ రెండోదాన్ని కొలుస్తుంది. వాక్యంలో ఒక మాట మొదటి రెండు మూడు అక్షరాలు మాత్రమే ఉంటాయి, మిగతాది విద్యార్థి రాయాలి. మీరు కొలవాల్సింది చదవడమే అయితే దీని అవసరం లేదు. చదివేటప్పుడు మాట కళ్ల ముందే ఉంటుంది, జ్ఞాపకంలోంచి తవ్వి తీయక్కర్లేదు. వ్యాసాలు రాయించే కోర్సుకైతే పెట్టండి.

మాటను విడిగా అడగాలా, వాక్యంలో పెట్టి అడగాలా అన్నదీ ఎప్పుడూ వచ్చే సందేహమే. వాక్యంలో పెడితే సహజంగా ఉంటుంది, నిజమే. అప్పుడు మీరు కొలిచేది మాట తెలియడాన్నా, చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఊహించడాన్నా? రెండూ కావలసిన నైపుణ్యాలే. ఏ మాటలు నేర్పాలో తేల్చుకోవడానికి విడిగా అడగండి. చదివేటప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారో చూడాలంటే ప్యాసేజీలోంచే అడగండి, కానీ ముందు ఒక పని చేయండి. ప్యాసేజీ చూపించకుండా ఆ ప్రశ్నను మాత్రమే ఒక సహోద్యోగికి ఇవ్వండి. జవాబు వచ్చేస్తే ఆ ప్రశ్నకు ప్యాసేజీతో పనే లేదు, కొట్టేయండి.

చదవడాన్ని ఎలా కొలవాలి?

చదువుడు పరీక్షల్లో అందరూ మొదట వెళ్లేది మల్టిపుల్ చాయిస్ దగ్గరికి. దిద్దడం సులువు, గొడవలుండవు. మంచి ఆప్షన్లు తయారు చేయడం మాత్రం చాలా కష్టం. తప్పు ఆప్షన్లు మరీ తెలివితక్కువగా ఉంటే చదవకుండానే జవాబు దొరుకుతుంది. మరీ తెలివిగా ఉంటే ప్యాసేజీ అర్థమైనవారు కూడా పడిపోతారు. సరైన ఆప్షన్ మిగతావాటికంటే పొడుగ్గా ఉండడం, ప్యాసేజీలోని మాటలే అచ్చంగా ఆప్షన్‌లో కనిపించడం లాంటి గుర్తుల్ని పరీక్షలకు అలవాటు పడిన విద్యార్థులు ఇట్టే పసిగడతారు. ఇంట్లో తయారు చేసుకునే చిన్న పరీక్షలకు నా జాబితాలో ఇది చివరన ఉంటుంది.

తప్పు-ఒప్పు ప్రశ్నల్లో సగం అదృష్టమే. చెప్పలేదు అన్న మూడో ఆప్షన్ కలిపితే పరిస్థితి మారుతుంది. ప్యాసేజీలో లేనిదాన్ని, ప్యాసేజీ కాదన్నదాన్ని వేరు చేయగలగడం నిజంగా చదవడం వచ్చినవారి లక్షణం. విద్యార్థులకు తలనొప్పి కూడా ఇదే, ముఖ్యంగా తమకు బయట తెలిసిన విషయాన్ని ప్యాసేజీలోకి తెచ్చేవారికి.

నాకు నచ్చేది చిన్న జవాబుల పద్ధతి. ఐదారు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక వాక్యంలోపు జవాబు, అదీ మాతృభాషలో రాయనివ్వాలి. ఇది చాలామందికి రుచించదు. ఇంగ్లీష్ పరీక్షలో ఇంగ్లీష్‌లో రాయకపోతే ఎలా అంటారు. కొలుస్తున్నది చదవడాన్ని అయినప్పుడు, రాయలేకపోవడం దానికి అడ్డు రాకూడదు. ఇంగ్లీష్‌లో రాయమంటే ప్యాసేజీలోంచి ఒక వాక్యాన్ని ఎత్తి దించేసి తప్పించుకుంటారు. ఆ వాక్యం అర్థమైందో లేదో మనకు తెలియదు. మాతృభాషలో రాస్తే దాచుకోవడానికి చోటు ఉండదు. ప్యాసేజీ మూసేసి గుర్తున్నదంతా సొంత భాషలో రాయమనే పద్ధతి ఇంకా ఎక్కువ చూపిస్తుంది. ఎక్కడ కథ తెగిపోయిందో, ఎక్కడ సొంతంగా కల్పించుకున్నారో కనబడుతుంది. అయితే జ్ఞాపకశక్తి కూడా అందులో కలుస్తుంది, దిద్దడానికి గంటలు పడతాయి. దీన్ని క్లాసంతటికీ కాక, సమస్య అంతుపట్టని ఒకరిద్దరికి మాత్రమే వాడాలి.

పైకి చదివించడం గురించి ఒక మాట. 1986లో గఫ్, టన్మర్ ఒక సులువైన సూత్రం చెప్పారు. అక్షరాల్ని మాటలుగా పలకగలగడం, ఆ భాష వింటే అర్థం కావడం, ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది చదవడం. కూడిక కాదు, గుణకారం. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. గడగడా తప్పు లేకుండా చదివేసి, ఏం చదివావంటే బిక్కమొహం వేసే విద్యార్థులు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్లలో మొదటి సంఖ్య నిండుగా ఉంది, రెండోది లేదు. పైకి చదివించడం మొదటి సంఖ్యను మాత్రమే కొలుస్తుంది. అందుకే కొత్తగా అక్షరాలు నేర్చుకుంటున్నవారికి అది తప్పనిసరి. వాళ్లు ఆ దశ దాటాక అదే పరీక్షను సాగదీయడం వృథా. ఇక వేగం సంగతి. ఇంగ్లీష్ మాతృభాష అయిన పెద్దవాళ్లు కథేతర రాతను మనసులో చదివే సగటు వేగం నిమిషానికి 238 మాటలని 2019లో మార్క్ బ్రిస్‌బార్ట్ లెక్క తేల్చారు. నేర్చుకునేవారు అంత వేగంగా చదవాలని కాదు, కానీ నిమిషానికి అరవై మాటల దగ్గరున్న విద్యార్థికి గంటలో మూడు ప్యాసేజీల పరీక్ష పెడితే అది వేగానికి పెట్టిన పరీక్షే అవుతుంది. టైం పెట్టకుండా ఒకసారి, పెట్టి ఒకసారి రాయిస్తే ఈ తేడా బయటపడుతుంది.

ఖాళీల పరీక్షలు: క్లోజ్, సీ-టెస్ట్

ప్యాసేజీలో ప్రతి ఐదో మాటనో ఏడో మాటనో లెక్క ప్రకారం తీసేసి, ఖాళీలు నింపమనేది క్లోజ్. విల్సన్ టేలర్ 1953లో దీన్ని తెచ్చినప్పుడు విద్యార్థుల్ని పరీక్షించడానికి కాదు, ఒక రాత ఎంత సులువుగా చదవడానికి వస్తుందో కొలవడానికి. తర్వాత విదేశీ భాష నేర్చుకునేవారికి దీన్ని వాడడం మొదలైంది. తయారు చేయడం చాలా తేలిక, అదే దీని ఆకర్షణ. చిక్కు ఏమిటంటే లెక్క ప్రకారం తీస్తే ఏ మాట పోతుందో మన చేతిలో ఉండదు. ఒకచోట ద (the) అన్న చిన్న మాట పోతుంది, ఇంకోచోట ఎవరూ ఊహించలేని అంకె పోతుంది. ఎన్నో మాటను తీసేయాలన్నది మారిస్తే అదే ప్యాసేజీ వేరే పరీక్షలా నడుస్తుందని 1979లో ఛార్లెస్ ఆల్డర్సన్ చూపించారు. పైగా చాలా ఖాళీలు పక్కనున్న నాలుగైదు మాటలతోనే నిండిపోతాయి. పేరా మొత్తం అర్థం కావలసిన అవసరం రాదు. క్లోజే పెట్టాలనుకుంటే మాటల్ని లెక్కతో కాకుండా ఏరి తీసేయండి. వాక్యాల్ని కలిపే మాటలు, ముందు చెప్పినదాన్ని సూచించే మాటలు తీస్తే పరీక్ష చదవడానికి దగ్గరవుతుంది. సరిగ్గా ఆ మాటే రాయాలా, అర్థం సరిపోయేదేదైనా ఒప్పుకోవాలా అన్నది కూడా ముందే తేల్చుకోండి. నేర్చుకునేవారికి రెండోదే న్యాయం.

ఈ లోపాలు చూసే 1980ల మొదట్లో జర్మనీలో క్రిస్టీన్ క్లైన్-బ్రేలీ, ఉల్రిచ్ రాట్జ్ సీ-టెస్ట్ తెచ్చారు. ఒకే పొడుగాటి ప్యాసేజీ బదులు నాలుగైదు చిన్నవి తీసుకుంటారు. మొదటి వాక్యాన్ని ముట్టుకోరు. రెండో వాక్యం నుంచి ఒక మాట విడిచి ఒక మాటలో రెండో సగం తీసేస్తారు. ఎలా ఉంటుందో తెలుగులోనే చూడండి:

పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. గాలి వీ____ మొదలవగానే పి____ పుస్తకాలు సర్దు____ లోపలికి పరు____.

పి తర్వాత పిల్లి అని కూడా పెట్టవచ్చు. కానీ పిల్లి పుస్తకాలు సర్దుకోదు కాబట్టి పిల్లలు అనే రాస్తారు. మాట తెలియాలి, దాని చివర ఏ రూపం రావాలో తెలియాలి, ముందు వెనకల అర్థం తెలియాలి. మూడూ ఒకే ఖాళీలో పని చేస్తాయి. సగం అక్షరాలు కళ్ల ముందే ఉంటాయి కాబట్టి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే, దిద్దడంలో వాదనలుండవు. అరగంటలో వంద దాకా ఖాళీలు అవుతాయి. అన్ని ఖాళీలుండడం వల్లే మార్కు నిలకడగా ఉంటుంది.

దీని బలమే దీని బలహీనత కూడా. జ్వరం ఎంతుందో థర్మామీటర్ చెప్పినట్టు, మొత్తం మీద భాష ఏ స్థాయిలో ఉందో చెబుతుంది, కారణం చెప్పదు. కొత్త బ్యాచ్‌లో ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో తేల్చుకోవడానికి ఇంతకంటే చవకగా, తొందరగా, నమ్మకంగా అయ్యేది లేదు. విద్యార్థులు మాత్రం ఇదేదో పజిల్‌లా ఉందని చిరాకు పడతారు. ముందు ఒక నమూనా చేయించకుండా పెట్టకండి.

పేరున్న పరీక్షల్లో ఏముంది?

ఈ పద్ధతులన్నీ పుస్తకాల్లోనే ఉన్నవి కావు. డుయోలింగో ఇంగ్లీష్ టెస్ట్‌లో నిజం మాటను గుర్తించే ప్రశ్న అవును-కాదు పరీక్షకు బంధువు, మాటల్లో అక్షరాలు నింపే ప్రశ్న సీ-టెస్ట్‌కు బంధువు. 2026 జనవరి నుంచి టోఫెల్ రీడింగ్‌లో కూడా మాటలు పూర్తి చేసే ప్రశ్న వచ్చింది. కేంబ్రిడ్జ్ బీ2 ఫస్ట్‌లో రీడింగ్, యూజ్ ఆఫ్ ఇంగ్లీష్ కలిపి 75 నిమిషాలు, 52 ప్రశ్నలు. అందులో ఏరి తీసిన మాటలతో ఓపెన్ క్లోజ్ ఒక భాగం, మూలం ఇచ్చి సరైన రూపం రాయమనేది ఇంకో భాగం. ఐఎల్టీఎస్ అకడమిక్ రీడింగ్‌లో మూడు ప్యాసేజీలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. చెప్పలేదు అన్న ఆప్షన్ అక్కడ ఎంతమందికి టెన్షన్ పెడుతుందో రాసినవారికి తెలుసు.

ఫలానా పరీక్షే రాయాలని ఖాయమైతే దాని నమూనా పేపర్లు తప్పవు, ఆ ఆకారం చేతికి అలవాటు కావాలి. ఒక పేపర్ మొదట్లో రాయించి ఎక్కడున్నారో చూడండి. తర్వాత వారం వారం పేపర్ల మీద పేపర్లు రాయించడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. 40కి 22 వచ్చిన విద్యార్థి ఇంకో ఐదు పేపర్లు రాసినా, మూడో వెయ్యి మాటలు రాకపోతే 22 చుట్టూనే తిరుగుతాడు. పేపర్‌కి, పేపర్‌కి మధ్య లెవెల్స్ టెస్ట్ పెట్టి, కనిపించిన కన్నం పూడ్చడం మీద టైం పెట్టాలి. యూనివర్సిటీ చదువులకు వెళ్లేవారికి 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ ఇచ్చిన అకడమిక్ వర్డ్ లిస్ట్‌ను కూడా కలపండి. అందులోని 570 పద కుటుంబాలు విద్యా సంబంధమైన రాతల్లో దాదాపు పది శాతం ఉంటాయి.

మీ పరిస్థితికి ఏది?

కొత్త బ్యాచ్‌ను స్థాయిల వారీగా విడగొట్టాలంటే సీ-టెస్ట్ పెట్టండి. సరిహద్దు మీద ఉన్నవారికి మాత్రం లెవెల్స్ టెస్ట్‌లో ఒకటి రెండు మెట్లు అదనంగా పెట్టండి. విద్యార్థులు మరీ కొత్తవాళ్లయితే సీ-టెస్ట్‌లో అందరికీ సున్నాలే వస్తాయి. వాళ్లకు పైకి చదివించడం, బొమ్మకు మాటను జతపరచడం, రెండు మూడు వాక్యాల ప్యాసేజీకి మాతృభాషలో ప్రశ్న చాలు.

క్లాసు నడుస్తూ ఉంది, ఏం నేర్పాలో తేలడం లేదు అన్నవారికి నా జవాబు లెవెల్స్ టెస్ట్, దాని పక్కన మాతృభాషలో చిన్న జవాబులు రాసే ఒక ప్యాసేజీ. మాటల మార్కు బాగుండి ప్యాసేజీ పోతే వాక్య నిర్మాణం మీద, పదబంధాల మీద పని చేయాలి. మాటల మార్కే పోతే ముందు అది, తర్వాతే తక్కినవి. అరుదుగా మాటలు తక్కువున్నా ప్యాసేజీ బాగా చేసేవారు ఎదురవుతారు. ప్యాసేజీ దేని గురించో ఆ విషయం వాళ్లకు ముందే తెలిసి ఉంటుంది. వేరే విషయం మీద ఇంకో ప్యాసేజీ ఇచ్చి చూడాలి.

ఎవరికి వారే ఇంట్లో నేర్చుకుంటున్నవారు సైజ్ టెస్ట్ ఏడాదికోసారి, లెవెల్స్ టెస్ట్ మూడు నాలుగు నెలలకోసారి రాసుకుంటే చాలు. టామ్ కాబ్ నడిపే కంప్లీట్ లెక్సికల్ ట్యూటర్ సైట్‌లో ఇలాంటి మాటల పరీక్షలు చాలా ఉన్నాయి. ఒక ప్యాసేజీని అతికిస్తే అందులోని ఏ మాట ఏ వెయ్యిలో ఉందో రంగులతో చూపించే పనిముట్టు కూడా అక్కడే ఉంది. సొంతంగా పరీక్ష తయారు చేసుకునే టీచర్లు ప్యాసేజీ ఖరారు చేసే ముందు దాన్ని వాడాలి. మీ విద్యార్థులు రెండో వెయ్యి మెట్టు దగ్గర ఉన్నప్పుడు ఐదో వెయ్యి మాటలతో నిండిన ప్యాసేజీ ఇస్తే, అది చదువుడు పరీక్ష పేరుతో పెట్టిన మాటల పరీక్షే అవుతుంది.

కోర్సు వల్ల మెరుగుపడ్డారా అని చూడాలంటే ఒకే పేపర్‌ను రెండుసార్లు పెట్టకూడదు, ప్రశ్నలు గుర్తుండిపోతాయి. రెండు సెట్లు కావాలి. అవి అచ్చంగా ఒకే బరువుతో ఉండడం కష్టం. అందుకని సగం మందికి మొదట్లో మొదటి సెట్, చివర్లో రెండో సెట్ ఇవ్వండి. మిగతా సగానికి తిరగేసి ఇవ్వండి. ఒక సెట్ కాస్త తేలికైనా, క్లాసు సగటు చూసేటప్పుడు ఆ తేడా రెండు వైపులా పడి సర్దుకుపోతుంది. ఎవరికి ఏ సెట్ ముందు ఇచ్చారో మాత్రం హాజరు పట్టీలో పేరు పక్కనే రాసి పెట్టుకోండి, మూడు నెలల తర్వాత గుర్తుండదు.